తుపాకీ మందు కోసం మొదలైన యుద్ధం

అమెరికా స్వాతంత్ర్య పోరాటం అనగానే స్కూలు పుస్తకాల్లో చదువుకున్నవాటిలో రెండు సంగతులు గుర్తొస్తాయి. బోస్టన్ రేవులో తేయాకు పెట్టెలు నీళ్లపాలు చేయడం ఒకటి, 1776 జులై 4 ప్రకటన మరొకటి. ఆ రెండింటి మధ్య రెండున్నరేళ్లు గడిచాయి. యుద్ధం మొదలైంది ఆ మధ్యకాలంలోనే. 1775 ఏప్రిల్ 19న మసాచుసెట్స్‌లోని లెక్సింగ్టన్, కాంకర్డ్ అనే రెండు ఊళ్లలో, వాటిని బోస్టన్‌తో కలిపే 20 మైళ్ల దారి పొడుగునా అది జరిగింది. ఆ ఒక్క రోజు గురించి 250 ఏళ్లుగా రాస్తూనే ఉన్నారు. రాసినవాళ్లలో చాలామంది ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చున్నారు: మొదటి తూటా ఎవరిది? ఈ ప్రశ్నకు జవాబు ఇక దొరకదు. కానీ ఇది ఎవరి అవసరం కోసం పుట్టిందో, ఏ కాలంలో ఏ జవాబు కావలసి వచ్చిందో గమనిస్తే ఆ యుద్ధం గురించి చాలా తెలుస్తుంది. ఆ రోజు తుపాకులు పట్టినవాళ్లు అంత త్వరగా ఎలా సిద్ధమయ్యారన్నది మరో ప్రశ్న. నా దృష్టిలో అసలు ప్రశ్న అదే.

కొంచెం వెనక్కి వెళ్లాలి. 1763లో ఫ్రాన్సుతో ఏడేళ్ల యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ అప్పుల్లో మునిగింది. వలసల మీద పన్నులు వేసింది. 1773లో ఈస్టిండియా కంపెనీని దివాలా నుంచి కాపాడటానికి దాని తేయాకును అమెరికాలో చవగ్గా అమ్ముకునే చట్టం తెచ్చింది. అప్పటికి మూడేళ్ల కిందటే బెంగాల్ కరువులో లక్షలాది మంది చనిపోయారు. కంపెనీ అక్కడ ఏం చేసిందో చూడండని ఫిలడెల్ఫియాలో జాన్ డికిన్సన్ తన కరపత్రంలో హెచ్చరించాడు. మన దేశంలో తగిలిన దెబ్బ అక్కడ వాదనగా ఉపయోగపడింది. డిసెంబరు 16 రాత్రి 342 పెట్టెల తేయాకు బోస్టన్ నీళ్లలో కలిసింది. దానికి శిక్షగా 1774లో పార్లమెంటు బోస్టన్ రేవును మూసేసింది, మసాచుసెట్స్ పాలనా పత్రాన్ని మార్చేసింది. ఊరి సభలు జరుపుకోవాలన్నా గవర్నరు అనుమతి కావాలంది. ఆ గవర్నరు జనరల్ థామస్ గేజ్. ఉత్తర అమెరికాలోని బ్రిటిష్ సైన్యానికి అధిపతీ ఆయనే.

రేవు మూతకన్నా ఊరి సభల మీద చెయ్యి వేయడమే పల్లెల్లో ఎక్కువ మంట పెట్టింది. ఈ సంగతిని 2002లో రే రాఫెల్ తన పుస్తకంలో గట్టిగా చెప్పేదాకా సామాన్య పాఠకులకు పెద్దగా తెలియదు. 1774 సెప్టెంబరు 6న ఊస్టర్ పట్టణంలో 37 ఊళ్ల నుంచి 4,622 మంది వచ్చి దారికి రెండు పక్కలా నిలబడ్డారు. రాజు నియమించిన న్యాయాధికారులు టోపీలు చేతబట్టుకుని ఆ వరసల మధ్యగా నడుస్తూ, తమ పదవులు వదులుకుంటున్నామని పదేపదే చదివి వినిపించాల్సి వచ్చింది. ఒక్క తూటా పేలలేదు, ఒక్క ప్రాణం పోలేదు. బోస్టన్ దాటితే మసాచుసెట్స్‌లో బ్రిటిష్ పాలన ఆ నెలలోనే అంతమైందని రాఫెల్ వాదన. నాకది నూటికి నూరుపాళ్లు సబబుగా తోస్తుంది. పోయిన అధికారాన్ని తిరిగి తెచ్చుకోవడానికి గేజ్ చేసిన ప్రయత్నమే ఏప్రిల్ 19.

ఆ ప్రయత్నానికి ఆయన ఎంచుకున్న గురి తుపాకీ మందు. వలసల్లో అది తయారుచేసే వసతి దాదాపు లేదు. సురేకారం, గంధకం, బొగ్గు కలిస్తేనే మందు అవుతుంది. బ్రిటన్‌కు కావలసిన సురేకారంలో పెద్ద భాగం బిహార్ నుంచి కంపెనీ ఓడల్లో వెళ్లేది. అమెరికన్లకు అలాంటి వనరు లేదు. 1774 అక్టోబరులో ఆయుధాలూ మందుగుండూ అమెరికాకు ఎగుమతి చేయకుండా రాజాజ్ఞ వెలువడింది. కాబట్టి ఉన్న పీపాలను ఎవరు దక్కించుకుంటే వాళ్లదే పైచేయి. గేజ్ సెప్టెంబరు 1నే బోస్టన్ పక్కనున్న మందు కోఠీని ఖాళీ చేయించాడు. బ్రిటిష్ వాళ్లు జనాన్ని కాల్చేశారన్న పుకారు లేచి, వేలమంది కేంబ్రిడ్జికి కదిలి వచ్చారు. పుకారని తెలిశాక వెనక్కి వెళ్లారు, కానీ పాఠం నేర్చుకునే వెళ్లారు. వార్త ఎలా పంపాలి, ఎక్కడ కూడాలి, నిమిషాల మీద బయల్దేరే దళాలను ఎలా ఏర్పరచాలి అన్నవి ఊరూరా ఆ చలికాలంలో తేల్చుకున్నారు. అలా పుట్టిన దళాలకే మినిట్‌మెన్ అని పేరు.

యుద్ధం ఎక్కడ మొదలైందన్న వాదనలో మరికొన్ని ఊళ్లు కూడా పోటీకి వస్తాయి. 1774 డిసెంబరు 14న న్యూహాంప్‌షైర్‌లోని పోర్ట్స్‌మత్ దగ్గర నాలుగు వందల మంది ఒక కోట మీద పడ్డారు. లోపలున్నది కెప్టెన్, ఐదుగురు సిపాయిలు. వాళ్లు కాల్చారు, ఎవరూ చావలేదు. దాదాపు వంద పీపాల మందు తరలిపోయింది. 1775 ఫిబ్రవరి 26న సేలంలో ఫిరంగుల కోసం వెళ్లిన బ్రిటిష్ దళాన్ని ఊరివాళ్లు ఎత్తుడు వంతెన పైకి లేపి ఆపేశారు. చివరికి నాలుగడుగులు వంతెన దాటి వెనక్కి తిరగడానికి రాజీ కుదిరింది. నార్త్ కరొలినాలోని అలమాన్స్‌లో 1771లో జరిగిన పోరును మొదటి యుద్ధంగా చెప్పేవాళ్లూ ఉన్నారు. కానీ అది పశ్చిమ జిల్లాల రైతులకూ వలస గవర్నరుకూ మధ్య జరిగిన స్థానిక పోరు. గవర్నరు పక్షాన నిలిచినవాళ్లలో కొందరు తర్వాత స్వాతంత్ర్య పక్షంలో కనిపిస్తారు. దాన్ని ఈ లెక్కలోకి తేవడం కుదరదు. పోర్ట్స్‌మత్‌ను మాత్రం మన పుస్తకాలు అన్యాయంగా వదిలేశాయి.

గేజ్ మూర్ఖుడు కాడు. మనుషులు చాలరు, ఇరవై వేలమంది కావాలని ముందే లండన్‌కు రాశాడు. మంత్రులకు అది పిరికితనంగా కనిపించింది. గట్టిగా ఏదైనా చేయమని వలసల మంత్రి డార్ట్‌మత్ ప్రభువు జనవరి 27న రాసిన ఉత్తరం ఏప్రిల్ 14న ఆయనకు చేరింది. అంతే, కాంకర్డ్‌లో దాచిన ఫిరంగులూ మందుగుండూ పట్టుకోవాలని నిశ్చయించాడు. ఏప్రిల్ 18 రాత్రి కర్నల్ ఫ్రాన్సిస్ స్మిత్ నాయకత్వంలో సుమారు 700 మంది పడవల్లో నది దాటి, మోకాళ్ల లోతు బురదలో దిగి, తడిసిన బట్టలతో చాలాసేపు ఎదురుచూసి, రెండు గంటల వేళ నడక మొదలుపెట్టారు. రహస్యం అప్పటికే బయటపడిపోయింది. సాయంగా మరో దళం వెళ్లాలన్న ఆజ్ఞ ఏమైందో చూస్తే సైన్యాలు ఎలా ఓడతాయో అర్థమవుతుంది. ఆ ఆజ్ఞ అందాల్సిన అధికారి ఇంట్లో లేడు, ఉత్తరం ఇంట్లోనే పడి ఉంది. మెరైన్లకు పంపిన ఆజ్ఞ మేజర్ జాన్ పిట్‌కెయిర్న్ పేరు మీద ఉంది, ఆయన అప్పటికే స్మిత్ వెంట లెక్సింగ్టన్ దారిలో ఉన్నాడు. సాయం బయల్దేరేసరికి ఉదయం తొమ్మిది కావచ్చింది.

లెక్సింగ్టన్‌లో జరిగింది నిమిషాల వ్యవహారం. కెప్టెన్ జాన్ పార్కర్ క్షయరోగి, ఆ సెప్టెంబరులోనే చనిపోయాడు. ఆయన వెంట ఊరి మైదానంలో 77 మంది దాకా ఉన్నారు. దారికి అడ్డంగా కాదు, పక్కగా నిలబడ్డారు. ఆయుధాలు దించి చెదిరిపొమ్మని బ్రిటిష్ అధికారులు అరిచారు. పార్కర్ కూడా చెదిరిపొమ్మనే చెప్పాడు. జనం కదులుతుండగా ఎక్కణ్ణుంచో ఒక మోత వినిపించింది, తర్వాత అధికారుల మాట సిపాయిలు వినలేదు. ఎనిమిది మంది చనిపోయారు, పది మంది దాకా గాయపడ్డారు. బ్రిటిష్ పక్షాన ఒక సిపాయికి గాయమైంది. గోడ చాటు నుంచి కాల్పులు వచ్చాయని పిట్‌కెయిర్న్ నివేదించాడు. తమలో ఎవరూ కాల్చలేదని ఊరివాళ్లు ప్రమాణం చేశారు. గాయపడి పట్టుబడ్డ ఎడ్వర్డ్ గౌల్డ్ అనే బ్రిటిష్ లెఫ్టినెంట్ మాత్రం ముందు ఎవరు కాల్చారో కచ్చితంగా చెప్పలేనన్నాడు, కాల్పులకు ముందే మావాళ్లు కేకలు వేస్తూ దూకారని ఒప్పుకున్నాడు. ఇన్ని సాక్ష్యాల్లో నాకు ఎక్కువ నమ్మకం కలిగించేది ఇదే.

ఆ ప్రమాణాల కథ ఏ పోరాటానికీ తీసిపోదు. మసాచుసెట్స్ వలసవాసుల ప్రతినిధి సభ (ప్రొవిన్షియల్ కాంగ్రెస్) నాలుగైదు రోజుల్లో వంద దాకా వాంగ్మూలాలు మేజిస్ట్రేట్ల ముందు రాయించి, సంతకాలు పెట్టించింది. గేజ్ నివేదిక ఏప్రిల్ 24నే ఓడెక్కింది. నాలుగు రోజులు ఆలస్యంగా సేలం నుంచి జాన్ డెర్బీ అనే కెప్టెన్ క్వేరో అనే చిన్న ఓడలో, సరుకేమీ లేకుండా, వాంగ్మూలాల నకళ్లతో బయల్దేరాడు. తేలిక ఓడ వేగంగా సాగింది. మే 28న ఆయన లండన్‌లో ఉన్నాడు. పత్రికలు అమెరికన్ల కథను అచ్చేశాయి. తమకింకా అధికారిక వార్త అందలేదని ప్రకటించడం తప్ప ప్రభుత్వానికి దారి లేకపోయింది. గేజ్ కాగితాలు వచ్చేసరికి దాదాపు రెండు వారాలు గడిచాయి. ముందు ఎవరు కాల్చారన్న ప్రశ్న ఇలా పుట్టింది. ఇంగ్లండ్ ప్రజల సానుభూతి కావాలి కాబట్టి లెక్సింగ్టన్ మనుషులు అమాయక బాధితులుగా ఉండాలి. 1775లో అమోస్ డూలిటిల్ చెక్కి అచ్చేసిన బొమ్మలోనూ అలాగే ఉంటారు: ఒక్కరూ కాల్చడం లేదు, చెదిరి పారిపోతున్నారు, కొందరు నేల మీద పడి ఉన్నారు.

యాభై ఏళ్లు తిరిగేసరికి కావలసిన జవాబు మారిపోయింది. 1824లో స్వాతంత్ర్య యుద్ధంలో అమెరికన్ల పక్షాన పోరాడిన ఫ్రెంచి సేనాని లఫాయెట్ అమెరికా పర్యటనకు వచ్చినప్పుడు అసలు ఎదురు తిరిగింది ఏ ఊరన్న పట్టుదల లెక్సింగ్టన్, కాంకర్డ్‌ల మధ్య రాజుకుంది. 1825లో ఎలియాస్ ఫినీ లెక్సింగ్టన్ తరఫున పుస్తకం వేశాడు. బతికున్న ముసలివాళ్ల దగ్గర మళ్లీ ప్రమాణాలు రాయించాడు. ఈసారి వాళ్లు కాల్చామనే చెప్పారు. జాన్ మన్రో అనే ఆయన తన తుపాకీలో రెండు తూటాలు కూరి కాల్చానని, ఆ దెబ్బకు గొట్టం చివర అడుగు మేర ఊడిపోయిందని చెప్పాడు. రెండేళ్లకు కాంకర్డ్ తరఫున పాస్టర్ ఎజ్రా రిప్లీ ఖండన రాశాడు. ఈ మార్పు బొమ్మల్లోకీ పాకిందని 1925 ప్రాంతంలో హెరాల్డ్ మర్డాక్ చూపించాడు. 1830 నాటి బొమ్మలో కొందరు ఎదురుకాల్పులు జరుపుతుంటారు, 1886లో హెన్రీ శాండమ్ వేసిన పెద్ద చిత్రంలో వరస చెక్కుచెదరకుండా నిలబడి పోరాడుతుంటుంది. ముందు నిర్దోషులు కావాలి, తర్వాత వీరులు కావాలి. ఊరు మారలేదు, మైదానం మారలేదు. ఆ ముసలివాళ్లు అబద్ధమాడారని నేననను. 1775లో చెప్పకుండా దాచిన సగాన్ని 1825లో చెప్పి ఉండొచ్చు. కానీ సాక్ష్యాలను ఏరుకుని వాడేవాళ్లు అది ఏ ఏడాది, ఎవరి కోసం చెప్పిందో రాయకపోతే పాఠకుణ్ణి మోసగించినట్టే.

బ్రిటిష్ దళం వస్తోందని ఏప్రిల్ 18 రాత్రి గుర్రం మీద హెచ్చరిక మోసుకెళ్లిన పాల్ రివీర్ విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. ఆయన మీద కవి లాంగ్‌ఫెలో రాసిన కవిత 1861 జనవరిలో అచ్చయ్యాక ఒక్క మనిషి గుర్రం మీద దేశాన్ని మేల్కొలిపాడన్న కథ స్థిరపడింది. నిజానికి ఆ రాత్రి విలియం డాస్ మరో దారిన బయల్దేరాడు. లెక్సింగ్టన్ దాటాక రివీర్‌ను బ్రిటిష్ గస్తీ పట్టుకుంది. కాంకర్డ్‌కు వార్త చేర్చింది శామ్యూల్ ప్రెస్కాట్ అనే యువ వైద్యుడు. 1994లో వచ్చిన డేవిడ్ హాకెట్ ఫిషర్ పుస్తకం ఈ విషయంలో మైలురాయి. అందులో రివీర్ ఒంటరి వీరుడు కాదు, ఎన్నో సంఘాల్లో సభ్యుడు, ఊరూరా మనుషులు తెలిసినవాడు. ఒక గుర్రపు రౌతు చేరిన చోట నుంచి మరో ముగ్గురు బయల్దేరేలా, గంటలూ తుపాకీ మోతలూ అందుకునేలా ముందే అల్లుకున్న ఏర్పాటును ఫిషర్ మైలు మైలుకూ రుజువు చేశాడు. గవర్నరు భార్య మార్గరెట్ గేజ్ రహస్యం అందించిందన్న ఆయన ఊహ మాత్రం ఊహగానే మిగిలింది.

కాంకర్డ్ దగ్గర కథ మలుపు తిరిగింది. తొమ్మిదిన్నర ప్రాంతంలో నార్త్ బ్రిడ్జి అవతల గుట్ట మీద నాలుగు వందల మంది చేరారు. ఊళ్లోంచి పొగ లేచింది. సిపాయిలు ఫిరంగి బండ్లు తగలబెడుతున్నారు, గుట్ట మీదివాళ్లు ఊరే తగలబడుతోందనుకున్నారు. బ్రిటిష్ వాళ్లు కాల్చేదాకా కాల్చవద్దన్న ఆజ్ఞతో వంతెన వైపు దిగారు. ముందు నడిచింది ఆక్టన్ ఊరి దళం, దాని కెప్టెన్ ఐజక్ డేవిస్. ముప్పై ఏళ్లవాడు, తుపాకులు చేసే పనివాడు. అందుకే అతని దళంలో అందరికీ బాయ్‌నెట్లు ఉన్నాయి. ఆ బాయ్‌నెట్ల వల్లే ముందు నిలబెట్టారని చెబుతారు. ఇంట్లో నలుగురు పిల్లలూ జబ్బుతో ఉండగా బయల్దేరి వచ్చాడు. వంతెన దగ్గర మొదట చనిపోయినవాడు అతనే. ఇక్కడ ముందు కాల్చింది బ్రిటిష్ సిపాయిలేనన్న విషయంలో వివాదం లేదు. ఎదురుకాల్పుల్లో ముగ్గురు సిపాయిలు చనిపోయారు. రాజు సైన్యం మీద వరసగా నిలబడి, ఆజ్ఞ ప్రకారం కాల్చడం అదే మొదలు. గాయపడి పడి ఉన్న ఒక సిపాయి తల మీద స్థానిక యువకుడొకడు గొడ్డలితో వేటు వేశాడు. దాన్ని కాంకర్డ్ చాలాకాలం కప్పిపుచ్చింది. ఆ దెబ్బ వార్త పెరిగి పెద్దదై, తిరుగుదారిలో సిపాయిల కసికి కారణమైంది.

ఆ రోజు చావుల్లో ఎక్కువ భాగం ఈ రెండు ఊళ్లలో కాదు, తిరుగుదారిలో జరిగాయి. మధ్యాహ్నం నుంచి గోడల చాటున, చెట్ల చాటున కొత్త కొత్త ఊళ్ల దళాలు వచ్చి చేరుతూనే ఉన్నాయి. సాయంత్రానికి నాలుగు వేల దాకా అయ్యారు. లెక్సింగ్టన్ దగ్గర ప్రభువు హ్యూ పెర్సీ వెయ్యి మందితో, రెండు ఫిరంగులతో ఎదురు రాకపోతే స్మిత్ దళం మిగిలేది కాదు. మెనోటమీ అనే ఊళ్లో పోరు ఇళ్లలోకి పాకింది. జేసన్ రసెల్ ఇంట్లో పదిమందికి పైగా చనిపోయారు. ఎనభై ఏళ్లకు చేరువైన శామ్యూల్ విట్‌మోర్ తుపాకీ దెబ్బా బాయ్‌నెట్ పోట్లూ తిని కూడా 1793 దాకా బతికాడు. రోజు ముగిసేసరికి బ్రిటిష్ పక్షాన 73 మంది మృతులు, 174 మంది క్షతగాత్రులు, 26 మంది గల్లంతు. అమెరికన్లలో 49 మంది చనిపోయారు. గురి తప్పని రైతుల కథలు ఈ లెక్క ముందు నిలవవు: నాలుగు వేల మంది గంటల తరబడి కాలిస్తే, 1,700 మందిలో తగిలింది మూడు వందల లోపే. గెలిపించింది గురి కాదు, సమయానికి చేరుకోవడం. ఈ జనాన్ని క్రమశిక్షణ లేని గుంపు అనుకుంటే పొరపాటేనని పెర్సీ మర్నాడే ఇంగ్లండ్‌కు రాశాడు. శత్రువు ఇచ్చిన ఈ కితాబు చరిత్రకారులకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

ఆ రోజు తుపాకులు పట్టిన వీళ్లెవరు, ఎందుకు వచ్చారు? రాబర్ట్ గ్రాస్ 1976లో కాంకర్డ్ పన్ను పుస్తకాలూ వీలునామాలూ చర్చి రికార్డులూ తిరగేసి జవాబు వెతికాడు. భూములు సారం కోల్పోయాయి, వాటాలు చిన్నవయ్యాయి, కొడుకులకు పంచడానికి చాలడం లేదు. ఉన్న కొద్దిపాటి స్వతంత్ర జీవితం చేజారిపోతుందన్న భయమే వాళ్లను కదిలించిందని ఆయన చూపించాడు. రైతు గుండె తెలిసిన ఏ పాఠకుడికైనా ఆ పుస్తకం పరాయిగా తోచదు. అయితే ఆ స్వతంత్రం అందరిదీ కాదు. లెక్సింగ్టన్ మైదానంలో గాయపడ్డవాళ్లలో ప్రిన్స్ ఎస్టాబ్రూక్ నల్లజాతి బానిస. యజమాని ఊరి కోసం తూటా తిన్నాడు, తర్వాత సైన్యంలో పనిచేసి స్వేచ్ఛ పొందాడు. మెనోటమీలో బ్రిటిష్ మందుగుండు బండ్లను పట్టుకున్న ముసలివాళ్ల గుంపుకు ముందు నిలిచిన డేవిడ్ లామ్సన్ కూడా తెల్లవాడు కాదు. అదే ఏడాది నవంబరులో వర్జీనియా గవర్నరు డన్మోర్ తమ పక్షం చేరే తిరుగుబాటుదారుల బానిసలకు విడుదల ప్రకటిస్తే, వందల మంది అటు పరుగెత్తారు. వాళ్లకు స్వాతంత్ర్యం ఆ వైపు కనిపించింది. ఈ సంగతి చెప్పకుండా రాసిన ఏ చరిత్రా పూర్తి కాదని నా నిశ్చితాభిప్రాయం.

వర్జీనియా పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. లెక్సింగ్టన్ వార్త అక్కడికి చేరకముందే, ఏప్రిల్ 20 రాత్రి దాటాక, ఇదే డన్మోర్ విలియమ్స్‌బర్గ్ కోఠీలోని తుపాకీ మందును ఓడకెక్కించాడు. వందల మైళ్ల దూరంలో ఇద్దరు గవర్నర్లు ఒకే వారంలో ఒకే వస్తువు మీద చెయ్యి వేశారు. మసాచుసెట్స్ ఒక్కదాని కోపంతో ఈ యుద్ధం రాలేదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. జూన్ 17న బంకర్ హిల్ పోరులోనూ నిర్ణాయకం మందే. చనిపోయినవాళ్లూ గాయపడ్డవాళ్లూ కలిపి వెయ్యికి పైగా సిపాయిలను కోల్పోయి బ్రిటిష్ వాళ్లు గుట్ట పట్టుకోగలిగారంటే, పైన ఉన్నవాళ్ల దగ్గర మందు అయిపోవడమే కారణం. పిట్‌కెయిర్న్ అక్కడే చనిపోయాడు. ఆగస్టులో అమెరికన్ సేనాధిపతి వాషింగ్టన్ లెక్కలు తీయిస్తే మూడు వందల పీపాలు ఉండాల్సిన చోట 36 తేలాయి. తర్వాతి రెండేళ్లు మందులో ఎక్కువ భాగం విదేశాల నుంచే రావాల్సి వచ్చింది. ఓడిన పక్షం నుంచి చూడాలంటే ఆండ్రూ ఓషానెసీ 2013లో రాసిన పుస్తకం ఉంది. బ్రిటిష్ సేనానులు చేతగానివాళ్లన్న పాత మాటను అది కొట్టేస్తుంది. ఆ సేనానుల్లో ఒకడైన కార్న్‌వాలిస్ 1781లో యార్క్‌టౌన్‌లో లొంగిపోయి, ఐదేళ్లకు మన దేశానికి గవర్నరు జనరల్‌గా వచ్చాడు. ఆయన బెంగాల్‌లో పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతే 1802 నుంచి మన ఉత్తర సర్కారు జిల్లాలకు పాకింది.

ఈ విషయం కొత్తగా చదవబోయేవాళ్లు ఫిషర్‌తో మొదలుపెట్టడం మేలు. ఆ రాత్రీ ఆ పగలూ గంట గంటకూ కళ్లకు కడుతుంది, వెనక అనుబంధాల్లో లెక్కలన్నీ ఉంటాయి. తర్వాత గ్రాస్, ఆపైన రాఫెల్ చదవాలి. ఈ మూడూ చదివాక 1775 నాటి వాంగ్మూలాలనూ 1825 నాటి వాంగ్మూలాలనూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. బోస్టన్ చుట్టుపక్కల స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాల పిల్లలు లెక్సింగ్టన్, ఆక్టన్ బడుల్లో ఈ కథ ఏటా వింటారు. ఏప్రిల్ మూడో సోమవారం పేట్రియట్స్ డే సెలవు రోజున తెల్లవారకముందే మైదానానికి వెళ్లి ఆ పోరు ప్రదర్శన చూస్తారు. వాళ్లు ప్రిన్స్ ఎస్టాబ్రూక్ పేరు కూడా తప్పక తెలుసుకోవాలి. ఊస్టర్‌లో టోపీలు తీయించిన ఆ 4,622 మంది గురించి టీచర్ని అడగాలి.